సర్వర్ రూమ్ మునిగినా మర్నాడు బిల్లు కొట్టగలగాలి

"బ్యాకప్ ఉందిగా మేడమ్?" అని అడగని యజమాని నాకు ఇంతవరకూ కనిపించలేదు. ఉందనగానే మాట వేరే విషయం మీదికి వెళ్లిపోతుంది. అప్పుడు నేను తిరిగి ఒకటి అడుగుతాను: "ఈ రాత్రికి ఈ సర్వర్ రూమ్ మొత్తం పోయిందనుకోండి సార్. రేపు ఎన్ని గంటలకు మీ డిస్పాచ్‌లో ఇన్‌వాయిస్ ప్రింటవుతుంది?" చాలామంది దగ్గర దీనికి జవాబు ఉండదు. ఆ జవాబు ఎలా సంపాదించుకోవాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను విశాఖపట్నంలో చిన్న, మధ్యస్థాయి కంపెనీల నెట్‌వర్క్‌లు చూసుకుంటాను. రొయ్యల ఎగుమతిదారులు, పోర్టు దగ్గరి కస్టమ్స్ ఏజెంట్లు, మందుల డిస్ట్రిబ్యూటర్లు, నర్సింగ్ హోములు. ముప్పై నుంచి నూటయాభై దాకా కంప్యూటర్లు, ఒక సర్వర్ రూమ్, ఒక సిస్టమ్ అడ్మిన్. ఇలాంటి వాళ్లకు ఇంకో ఊళ్లో రెండో సర్వర్ రూమ్ పెట్టుకునే స్తోమత ఉండదు. అందుకని నెలకింత అని కట్టి, బ్యాకప్ తీసే పనీ, ప్రమాదం వస్తే మళ్లీ నిలబెట్టే పనీ బయటి సర్వీసు కంపెనీకి అప్పగిస్తారు. మేనేజ్డ్ డిజాస్టర్ రికవరీ అంటే ఇదే. మంచి పద్ధతే. కాకపోతే పని చేసిపెట్టడం వరకే వాళ్లకు అప్పగించగలం. ఏది ముందు లేవాలి, ఏది ఎంతసేపు ఆగగలదు, నిజంగా లేస్తోందా లేదా అన్నవి మీరే తేల్చుకోవాలి, మీరే కళ్లారా చూసుకోవాలి.

దేనికి సిద్ధపడుతున్నాం

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ దగ్గరే తీరం దాటింది. ఇక్కడి చాలా ఆఫీసుల్లో సర్వర్లు చెక్కుచెదరలేదు, డేటా కూడా పోలేదు. అయినా రోజుల తరబడి పని జరగలేదు. కరెంటు లేదు. మొబైల్ టవర్లు పనిచేయలేదు. చెట్లు, స్తంభాలతో పాటు కేబుళ్లూ తెగిపడ్డాయి. ఉద్యోగులు సొంత ఇంటి కప్పు సంగతి చూసుకోవాలా, ఆఫీసుకు రావాలా? డేటాను కాపాడుకోవడం వేరు, వ్యాపారాన్ని నడిపించుకోవడం వేరు అని ఈ ఊరు అప్పుడే చూసింది. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు గ్రౌండ్ ఫ్లోర్లలో ఉన్నవన్నీ రోజుల పాటు నీళ్లలో నానాయి.

తుపానూ వరదా కనిపించి వచ్చేవి. కనిపించకుండా వచ్చేవీ ఉన్నాయి. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్‌కు వచ్చిన ఒక్క తప్పుడు అప్‌డేట్ ప్రపంచమంతటా దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లను పడగొట్టింది. ఆ రోజు హైదరాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసిన బోర్డింగ్ పాస్‌లు ఇచ్చారు. అదే నెల 31న సీ-ఎడ్జ్ అనే బ్యాంకింగ్ టెక్నాలజీ సంస్థ మీద రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే ప్రోగ్రామ్) దాడి జరిగిందన్న అనుమానంతో, యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ దాన్ని చెల్లింపుల వ్యవస్థ నుంచి విడగొట్టింది. దాదాపు 300 చిన్న బ్యాంకుల ఖాతాదారులకు యూపీఐ లాంటి సేవలు ఆగిపోయాయి. మీ ఆఫీసులో అన్నీ సవ్యంగా ఉన్నా, మీరు ఆధారపడ్డ వాళ్లు ఆగిపోతే మీరూ ఆగుతారు.

ఇక నేను తరచుగా చూసేవి వార్తల్లోకి ఎక్కవు. రాత్రి సర్వర్ రూమ్‌లో ఏసీ ఆగిపోవడం, ఒక డిస్కు పోయిందని హెచ్చరిక వచ్చినా పట్టించుకోకపోతే రెండోది కూడా పోవడం, ఎవరో తొందరలో ఒక ఫోల్డర్ తుడిచేయడం. ప్లాన్ రాసేటప్పుడు తుపానుతో పాటు వీటికీ చోటు ఇవ్వండి. నిజానికి ఎక్కువసార్లు అక్కరకొచ్చేది వీటి కోసమే.

ముందు మనుషులతో కూర్చోండి

సర్వర్ల జాబితాతో మొదలుపెట్టకండి. అకౌంట్స్, డిస్పాచ్, స్టోర్స్, ప్లాంట్ వాళ్లను ఒక్కొక్కరినీ పిలిచి, "సిస్టమ్ లేకపోతే మీ దగ్గర ముందుగా ఏం ఆగుతుంది? ఎన్ని గంటలు ఓర్చుకోగలరు?" అని అడగండి. అడ్మిన్‌కు తెలియని విషయాలు ఇక్కడే బయటపడతాయి.

ఒక రొయ్యల ఎగుమతి కంపెనీని ఉదాహరణగా తీసుకుందాం. ఫ్రీజర్ కంటెయినర్ నిండింది, లారీ గేటు దగ్గర ఉంది. ఇన్‌వాయిస్ లేదు, ప్యాకింగ్ లిస్టు లేదు. అవి చేతికి వస్తే తప్ప కస్టమ్స్ ఏజెంటు షిప్పింగ్ బిల్లు (కస్టమ్స్‌కు ఇచ్చే ఎగుమతి పత్రం) వేయలేడు. షిప్పింగ్ లైన్ ఇచ్చిన కటాఫ్ దాటితే ఓడ వెళ్లిపోతుంది. ఇక్కడ గంటలే లెక్క. అదే కంపెనీలో జీతాల సాఫ్ట్‌వేర్ నెలలో మూడు వారాలు పడుకున్నా పెద్ద నష్టం లేదు, నెలాఖరున ఒక్కరోజు పడుకుంటే గొడవైపోతుంది. ప్లాంట్‌లో ఉష్ణోగ్రతల రికార్డు చూడటానికి చిన్న విషయమే. కానీ ఏ లాట్ ఏ ఉష్ణోగ్రతలో ఉందో చూపలేకపోతే కొనేవాడి ముందు సరుకు నాణ్యతకు రుజువు ఉండదు.

ఇలా మాట్లాడాక ప్రతి పనికీ రెండు అంకెలు రాయండి. ఎంతసేపట్లో మళ్లీ నడవాలన్నది మొదటిది, దాన్ని ఆర్‌టీఓ అంటారు. ఎంత సమయం డేటా పోతే భరించగలమన్నది రెండోది, అది ఆర్‌పీఓ. డిస్పాచ్ నాలుగు గంటల్లో లేవాలి, పదిహేను నిమిషాలకు మించి ఎంట్రీలు పోకూడదు అంటే ఒక రకం ఏర్పాటు. మర్నాటికి లేస్తే చాలు, ఒకరోజు ఎంట్రీలు మళ్లీ కొట్టుకుంటాం అంటే వేరే రకం, ఖర్చు బాగా తక్కువ.

యజమానిని అడిగితే అన్నీ వెంటనే కావాలంటారు. అందులో తప్పేం లేదు, ఆయన కష్టార్జితం అది. అందుకని పక్కనే ఇంకో గడి గీసి, ఒక్కో స్థాయికి సర్వీసు కంపెనీ ఇచ్చిన నెలవారీ రేటు రాసి ముందు పెట్టండి. డబ్బు కనిపించాక ఏది నిజంగా అవసరమో ఆయనే తేలుస్తారు. ఆ కాగితం మీద సంతకం తీసుకోండి. ప్రమాదం జరిగిన రోజు "నా సెక్షన్ ముందు లేపండి" అని నలుగురు నాలుగు వైపుల నుంచి లాగకుండా ఆపేది ఆ సంతకమే.

లేపే వరుస

పనుల వరుస తేలాక మెషీన్ల వరుస చూడాలి. ఈఆర్‌పీ (బిల్లింగ్, స్టాకు, ఖాతాలు నడిపే సాఫ్ట్‌వేర్) సర్వర్ ముందు లేవాలని రాసుకుంటారు. కానీ దానికి డేటాబేస్ కావాలి, డేటాబేస్‌లోకి లాగిన్ అవడానికి యాక్టివ్ డైరెక్టరీ (ఆఫీసులో అందరి లాగిన్‌లూ చూసుకునే వ్యవస్థ) కావాలి, అన్నిటికీ డీఎన్‌ఎస్ (పేరు చెబితే మెషీన్ అడ్రసు చెప్పేది) కావాలి. కింద పునాది లేకుండా పైఅంతస్తు నిలబడదు కదా. ఏది దేనిమీద ఆధారపడిందో ఒక బొమ్మ గీయండి. చేత్తో గీసినా చాలు.

యాక్టివ్ డైరెక్టరీ విషయంలో నేను ఎవరి మాటా వినను, దానికి విడిగా, నెట్‌వర్క్‌కు తగలకుండా ఒక కాపీ ఉండి తీరాలి. 2017 జూన్ 27న నాట్‌పెట్యా దాడిలో షిప్పింగ్ దిగ్గజం మేర్స్క్‌కు ప్రపంచమంతటా ఉన్న డొమైన్ కంట్రోలర్లు (యాక్టివ్ డైరెక్టరీని నడిపే సర్వర్లు) దాదాపు అన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. ఒకదాన్ని చూసి ఇంకోటి కాపీ చేసుకునేలా పెట్టుకున్నారు, అన్నీ ఒకేసారి పోతాయని అనుకోలేదు. దాడి సమయానికి కరెంటు పోయి ఉండటం వల్ల ఘనాలోని ఒక్క కంట్రోలర్ మిగిలింది. దాన్ని పట్టుకునే తిరిగి నిలబడ్డారు. 4,000 సర్వర్లు, 45,000 కంప్యూటర్లు పది రోజుల్లో మళ్లీ ఇన్‌స్టాల్ చేశామని ఆ కంపెనీ ఛైర్మన్ తర్వాత చెప్పారు. అంత పెద్ద కంపెనీని ఒక కరెంటు కోత కాపాడింది. మనం దానిమీద ఆధారపడలేం.

ఫైర్‌వాల్ (నెట్‌వర్క్‌కు కాపలా కాసే పరికరం), నెట్‌వర్క్ స్విచ్‌ల (కేబుళ్లను కలిపే పెట్టెల) కాన్ఫిగరేషన్ ఫైళ్లు కూడా బ్యాకప్‌లో ఉండాలి. సర్వర్ బ్యాకప్‌లన్నీ భద్రంగా ఉండి, ఫైర్‌వాల్ కాలిపోయి, అందులోని వీపీఎన్ (బయటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి భద్రంగా వచ్చే దారి), రూల్స్ ఎవరికీ గుర్తులేక పని ఆగిపోయిన చోట్లు చూశాను.

బ్యాకప్ ఎక్కడ, ఎలా

మూడు కాపీలు, రెండు రకాల మీడియా, ఒకటి వేరే ఊళ్లో అన్న పాత సూత్రం ఇప్పటికీ సరైనదే. దానికి రాన్సమ్‌వేర్ వచ్చాక ఇంకోటి కలిపాం: ఒక కాపీ ఎవరూ చెరపలేనిదై ఉండాలి. అడ్మిన్ పాస్‌వర్డ్ దొంగల చేతికి చిక్కినా సరే, పెట్టిన గడువు తీరేదాకా తుడవడానికి వీల్లేని స్టోరేజీ. దాన్ని ఇమ్యూటబుల్ అంటారు. పెద్ద క్లౌడ్ కంపెనీలన్నీ ఇస్తున్నాయి. దాడి చేసేవాళ్లు లోపలికి వచ్చాక ముందు వెతికేది మీ బ్యాకప్ సర్వర్‌నే. కాబట్టి దాన్ని ఆఫీసు డొమైన్‌లో (యాక్టివ్ డైరెక్టరీ కింద) కలపకండి. దానికి వేరే పాస్‌వర్డు, వేరే ఫోనుకు వచ్చే ఓటీపీ పెట్టండి.

రెప్లికేషన్ (ప్రతి మార్పునూ వెంటనే ఇంకో సర్వర్‌కు పంపడం) ఉంది కదా, బ్యాకప్ ఎందుకని కొందరు అంటారు. రెప్లికేషన్ ఇక్కడ ఏం జరిగితే అక్కడా అదే చేస్తుంది. ఇక్కడ ఫైలు ఎన్‌క్రిప్ట్ అయితే (కీ లేకుండా చదవలేనిదిగా మారితే) క్షణాల్లో అక్కడా అవుతుంది. గది కాలిపోతే రెప్లికేషన్ కాపాడుతుంది. తప్పు, దాడి జరిగితే పాత తేదీ బ్యాకప్పే కాపాడుతుంది. రెండూ కావాలి.

"వేరే చోట" అన్నప్పుడు నిజంగా వేరే చోటేనా అని చూడండి. 2021 మార్చి 10న ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో ఓవీహెచ్ అనే క్లౌడ్ కంపెనీ డేటా సెంటర్ భవనం ఒకటి పూర్తిగా కాలిపోయినప్పుడు, కొందరు కస్టమర్ల బ్యాకప్‌లు కూడా అదే ప్రాంగణంలో ఉన్నాయి. 2025 సెప్టెంబర్ 26న దక్షిణ కొరియాలోని డేజాన్‌లో ప్రభుత్వ డేటా సెంటర్‌లో యూపీఎస్ బ్యాటరీలను వేరే చోటికి తరలించే పనిలో ఉండగా మంటలు లేచి, ఉద్యోగులు ఫైళ్లు దాచుకునే జీ-డ్రైవ్ కాలిపోయింది. 858 టెరాబైట్లు. దానికి బయట బ్యాకప్ లేదు. మన దగ్గర విశాఖ ఆఫీసుకు రెండో కాపీ కాకినాడ బ్రాంచిలో పెట్టే అలవాటుంది. ఒకే తుపాను రెండు ఊళ్లనూ తాకగలదు. హైదరాబాద్ గానీ ముంబై గానీ ఎంచుకోండి, రెండుచోట్లా పెద్ద క్లౌడ్ రీజియన్లు ఉన్నాయి. కంపెనీల చట్టం కింద నమోదైన వాళ్లకు ఇంకో నియమం కూడా ఉంది. 2022లో మార్చిన అకౌంట్స్ రూల్స్ ప్రకారం ఎలక్ట్రానిక్ ఖాతా పుస్తకాల బ్యాకప్ రోజూ తీయాలి, భారతదేశంలోనే ఉన్న సర్వర్‌లో ఉంచాలి.

ఇక చిన్నవిగా కనిపించే కొన్ని. నడుస్తున్న ఎస్‌క్యూఎల్ డేటాబేస్ ఫైలును మామూలుగా కాపీ చేస్తే అది బ్యాకప్ కాదు. డేటాబేస్ సొంత బ్యాకప్ పద్ధతిలోనే తీయాలి, మధ్యలో ట్రాన్సాక్షన్ లాగ్ (డేటాబేస్‌లో జరిగిన మార్పుల చిట్టా) బ్యాకప్‌లు పదిహేను నిమిషాలకోసారి పెట్టుకోవాలి. ట్యాలీ అయితే అందరూ బయటికొచ్చాక తీయండి. మెయిల్ మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌లో ఉందిగా అని వదిలేయకండి. ట్రాష్ నుంచి కూడా తీసేసిన మెయిల్‌ను తిరిగి తెచ్చుకునే గడువు అక్కడ మామూలుగా 14 రోజులు, పెంచుకుంటే 30. గుమస్తా మానేసి వెళ్లిన నెలన్నరకు అతని మెయిల్స్ అవసరమైతే ఏం చేస్తారు?

బ్యాకప్ ఫెయిలైతే మెయిల్ వస్తుందిలే అని కూర్చోవడం కూడా ప్రమాదమే. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఒక ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేస్‌ను చెరిపేశాడు. బ్యాకప్‌ల కోసం వెతికితే, కొంతకాలంగా ఆ బ్యాకప్ జాబ్ ఫెయిలవుతోంది. ఆ సంగతి చెప్పే మెయిల్స్‌ను వాళ్ల మెయిల్ సర్వరే తిరస్కరిస్తోంది. చివరికి దాదాపు ఆరు గంటల డేటా పోయింది. జరిగినదంతా వాళ్లు దాచకుండా బయటపెట్టారు, అందుకే మనకు తెలిసింది. నా పద్ధతి ఏమిటంటే, ప్రతి ఉదయం "అయింది" అనే మెయిల్ రావాలి. రాకపోతే అది ఫెయిలైనట్టే లెక్క.

ఇంకో లెక్క తప్పకుండా వేసుకోండి. 2 టెరాబైట్ల డేటా క్లౌడ్‌లో ఉంది, మీ లైను 100 ఎంబీపీఎస్. ఒక్క క్షణం కూడా తగ్గకుండా పూర్తి వేగంతో దిగినా 44 గంటలు పడుతుంది. నాలుగు గంటల ఆర్‌టీఓ మీద సంతకం పెట్టి ఈ లెక్క వేయకపోతే ఆ సంతకానికి అర్థం లేదు. అందుకే పెద్ద డేటాకు ఆఫీసులో ఒక కాపీ ఉండాలి. లేదా డేటాను కిందికి దించకుండా క్లౌడ్‌లోనే సర్వర్లు లేచేలా ఏర్పాటుండాలి. అదీ కాకపోతే సర్వీసు కంపెనీ డిస్కు మీద వేసి మనిషితో పంపించగలగాలి.

ఒప్పందంలో ఏం అడగాలి

కొటేషన్‌లో "నాలుగు గంటల్లో రికవరీ" అని ఉంటుంది. గడియారం ఎప్పుడు మొదలవుతుందో అడగండి. మీరు ఫోన్ చేసినప్పుడా, వాళ్లు ఫిర్యాదు టికెట్ తెరిచినప్పుడా, ఇద్దరూ కలిసి ఇది డిజాస్టర్ అని ఒప్పుకున్నప్పుడా? అలాగే ఎప్పుడు ఆగుతుంది? సర్వర్ ఆన్ అయితే వాళ్లకు పని అయినట్టు. మీకు మాత్రం ఇన్‌వాయిస్ ప్రింటయితేనే అయినట్టు. "ఫలానా యూజర్ లాగిన్ అయి ఒక ఇన్‌వాయిస్ తీసేవరకు" అని ఒప్పందంలో రాయించండి. దీనికి తటపటాయించే కంపెనీని నేను పక్కన పెట్టేస్తాను.

డిజాస్టర్ అని ప్రకటించే అధికారం ఎవరిదో పేరుతో సహా రాయాలి. రాత్రి రెండింటికి యజమాని ఫోన్ ఎత్తకపోతే రెండో మనిషి ఎవరు? ప్రకటిస్తే విడిగా చార్జీ పడుతుందా? కొన్ని ఒప్పందాల్లో పడుతుంది. ఆ చార్జీకి భయపడి సగం రోజు ఆలోచించే పరిస్థితి రాకూడదు.

అన్నిటికంటే ముఖ్యమని నేననుకునే ప్రశ్న ఇది: "తుపాను వచ్చి ఈ ఊళ్లో మీ కస్టమర్లందరూ ఒకే రోజు ఫోన్ చేస్తే అందరినీ లేపగలరా?" ఇలాంటి సర్వీసులు సాధారణంగా ఒకే సామర్థ్యాన్ని చాలామందికి పంచి ఇస్తాయి, ధర అందుబాటులో ఉండేది అందుకే. ఒక్కొక్కరికి ఒక్కోరోజు కష్టం వస్తే అది సరిపోతుంది. తీరప్రాంతంలో కష్టం అందరికీ కలిసే వస్తుంది. మీకోసం ఎంత కెపాసిటీ కేటాయించారో, మీ ముందు వరుసలో ఎవరున్నారో రాతపూర్వకంగా అడగండి.

బ్యాకప్‌ను తెరిచే ఎన్‌క్రిప్షన్ కీ మీ దగ్గర కూడా ఉండాలి. ఒప్పందం ముగిస్తే డేటా ఏ రూపంలో, ఎన్నాళ్లలో తిరిగి ఇస్తారో ఉండాలి. ఏడాదికి ఎన్ని డ్రిల్స్ (రికవరీ రిహార్సల్స్) ధరలో కలిసి ఉన్నాయో ఉండాలి, రెండుకు తగ్గితే ఒప్పుకోవద్దు. ఆలస్యానికి జరిమానా క్లాజు ఉంటే మంచిదే. అయితే అది సాధారణంగా నెల బిల్లులో కొంత భాగమే తిరిగి ఇస్తుంది, పోయిన కంటెయినర్ ఖరీదు ఇవ్వదు. దాన్ని చూసి ధైర్యం తెచ్చుకోకండి.

సైబర్ దాడి జరిగితే కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్‌కు చెప్పాలి. 2022 ఏప్రిల్ 28 ఆదేశాల ప్రకారం గమనించిన ఆరు గంటల్లోపు చెప్పాలి. లాగ్స్ (సిస్టమ్‌లో ఏం జరిగిందో నమోదయ్యే రికార్డులు) 180 రోజులు ఉంచాలి. రిపోర్టు ఎవరు పంపాలి, మీరా, వాళ్లా? ముందే తేల్చుకోండి. ఆ ఆరు గంటల్లో కూర్చుని చర్చించుకునే తీరిక ఉండదు.

లైను, కరెంటు, తాళాలు

రెండు ఇంటర్నెట్ కనెక్షన్లున్నాయని నిశ్చింతగా ఉన్న ఆఫీసులో ఓసారి మేడ ఎక్కి చూడండి. రెండు కేబుళ్లూ ఒకే స్తంభం మీద నుంచి వస్తుంటాయి. స్తంభం పడితే రెండూ పోతాయి. ఒకటి భూమిలోంచి వచ్చేది, ఇంకోటి టవర్ మీద వచ్చేది ఉంటే మేలు. మొబైల్ డేటాకు రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు పెట్టుకోండి.

బ్యాంకులు, కొన్ని పోర్టల్స్ మీ పాత స్టాటిక్ ఐపీ (మారని ఇంటర్నెట్ అడ్రసు) నుంచి వస్తేనే లోపలికి రానిస్తాయి. రెండో లైనుకు, డీఆర్ సైటుకు (ప్రమాదం వస్తే మీ సర్వర్లు లేచే రెండో చోటు) ఉన్న ఐపీలు కూడా ఇప్పుడే వాళ్ల దగ్గర నమోదు చేయించండి. ఇది మర్చిపోతే సర్వర్లన్నీ లేచినా చెల్లింపులు మాత్రం వెళ్లవు. డీఎన్‌ఎస్ రికార్డుల టీటీఎల్ (ఒకసారి తెలిసిన అడ్రసును గుర్తుంచుకునే గడువు) కూడా తక్కువలో పెట్టుకోండి, ఐదు నిమిషాలు చాలు. రోజంతా పెట్టుకుంటే మీరు అడ్రసు మార్చినా పాత అడ్రసుకే అందరూ తిరుగుతుంటారు.

సర్వర్ రూమ్ గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉంటే పైకి మార్చడం అన్నిటికంటే చవకైన డిజాస్టర్ రికవరీ. జనరేటర్ కూడా ఎత్తు మీదే ఉండాలి. యూపీఎస్ మీద "గంట" అని రాసి ఉన్నా, పాతబడ్డ బ్యాటరీ పావుగంటకే కూర్చుండిపోవచ్చు. ఏడాదికి రెండుసార్లు మెయిన్ స్విచ్ ఆపి గడియారం చూడండి.

క్రౌడ్‌స్ట్రైక్ రోజు చాలామందికి ఎదురైన ఇబ్బంది ఒకటి గుర్తుంచుకోవాలి. కంప్యూటర్లను సేఫ్ మోడ్‌లో తెరవాలంటే బిట్‌లాకర్ (విండోస్ డిస్కుకు వేసే తాళం) రికవరీ కీలు కావాలి. కొన్నిచోట్ల ఆ కీలు దాచిన సర్వర్లు కూడా అదే దెబ్బకు పడిపోయి ఉన్నాయి. కీలు, ముఖ్యమైన పాస్‌వర్డులు, ఫోన్ నంబర్లు, ఒప్పందం నంబరు, లేపే వరుస బొమ్మ... ఇవన్నీ కాగితం మీద ప్రింటు తీసి, సీలు వేసిన కవర్లో రెండుచోట్ల ఉంచండి. ఒకటి ఆఫీసు బయట ఉండాలి.

సిస్టమ్ లేని గంటలు

ఎంత బాగా ఏర్పాటు చేసుకున్నా కొన్ని గంటలు చీకటే. 2022 నవంబర్‌లో ఢిల్లీ ఎయిమ్స్ మీద రాన్సమ్‌వేర్ దాడి జరిగాక రోజుల తరబడి రిజిస్ట్రేషన్లు, రిపోర్టులు చేత్తో రాసుకుంటూ రోగులను చూశారు. అంత పెద్ద ఆసుపత్రి ఆగకుండా నడిచిందంటే అక్కడి మనుషుల వల్లే. మీ ఆఫీసులో ఆ గంటలు ఎలా గడపాలో ప్రతి సెక్షన్‌కూ ఒక పేజీ రాయండి.

బిల్లింగ్ విషయంలో పాత రోజుల్లోలా పుస్తకం తీసి రాసేస్తే కుదరదు. 2023 ఆగస్టు 1 నుంచి, ఐదు కోట్ల టర్నోవర్ దాటిన వాళ్లకు వ్యాపారుల మధ్య అమ్మకాలకు, ఎగుమతులకు ఈ-ఇన్‌వాయిస్ (ప్రభుత్వ పోర్టల్‌లో నమోదయ్యే బిల్లు) తప్పనిసరి. కాబట్టి ఒక ల్యాప్‌టాప్, ఒక మొబైల్ హాట్‌స్పాట్‌తో నేరుగా పోర్టల్‌లోకి వెళ్లి ఇన్‌వాయిస్ తీయడం ఇద్దరికైనా నేర్పండి. పోర్టల్ లాగిన్ ఒక్కరి ఫోన్ ఓటీపీ మీదే ఆధారపడి ఉంటే ఇంకొకరిని చేర్చండి. సరుకు రవాణాకు కావాల్సిన ఈ-వే బిల్లు ఎస్ఎంఎస్ ద్వారా కూడా తీసుకోవచ్చు, కానీ ఆ మొబైల్ నంబరును ముందే నమోదు చేసి ఉండాలి. తుపాను తర్వాత డేటా రాకపోయినా ఎస్ఎంఎస్ వెళ్లే గంటలు కొన్ని ఉంటాయి. ఆ కాస్త సందు లారీని కదిలించగలదు.

డ్రిల్

మొదట ఒక ఫైలు తిరిగి తెప్పించి తెరిచి చూడండి. తర్వాత ఒక సర్వర్. ఆ తర్వాత మొత్తం. ఒక శనివారం మధ్యాహ్నం పెట్టుకోండి. అసలు నెట్‌వర్క్‌కు తగలని విడి నెట్‌వర్క్‌లో లేపాలి, లేకపోతే ఒకే పేరుతో రెండు సర్వర్లు గొడవపడతాయి. అకౌంట్స్‌లోని పెద్దాయననే కూర్చోబెట్టండి. ఆయన నిన్నటి చివరి వోచర్ చూసి "ఇది ఉంది, ఇది లేదు" అని చెబితే అదే అసలు పరీక్ష. అడ్మిన్ చూసి బాగుందంటే చాలదు. ఎన్ని నిమిషాలు పట్టింది, ఎక్కడ ఆగింది, ఏ పాస్‌వర్డ్ దొరకలేదు అన్నది పక్కన ఒకరు రాసుకుంటూ ఉండాలి. తర్వాతి డ్రిల్‌లో అడ్మిన్ సెలవులో ఉన్నాడనుకుని, కాగితం చూసి ఇంకొకరు చేయాలి.

తిరిగి రావడం కూడా డ్రిల్‌లో భాగమే, చాలామంది దీన్ని వదిలేస్తారు. డీఆర్ సైటులో మూడు రోజులు పనిచేశారు, ఆ మూడు రోజుల ఎంట్రీలు అసలు సర్వర్‌కు ఎలా వస్తాయి? ఎవరు తెస్తారు, ఎంతసేపు పని ఆపాలి? వెళ్లడం కంటే రావడమే చిక్కు పని. ఒప్పందంలో దీని గురించి ఒక్క మాట లేకపోతే రాయించండి.

రాన్సమ్‌వేర్ అయితే మాత్రం వెంటనే రీస్టోర్ చేయాలని తొందరపడకండి. ముందు నెట్‌వర్క్ కేబుళ్లు తీయండి, వైఫై ఆపండి. మెషీన్ పవర్ తీయకండి, మెమరీలో ఉన్న ఆధారాలు పోతాయి. దాడి చేసినవాళ్లు లోపలికి ఎప్పుడు వచ్చారో తేలాలి. చాలాసార్లు ఎన్‌క్రిప్ట్ చేయడానికి వారాల ముందే వచ్చి ఉంటారు. నిన్నటి బ్యాకప్‌ను తెస్తే వాళ్లనూ వెంట తెచ్చుకున్నట్టే. అందుకే బ్యాకప్‌లు వారం కాదు, కనీసం కొన్ని నెలలవి ఉండాలి. లేపాక అన్ని పాస్‌వర్డులూ మార్చాలి, యాక్టివ్ డైరెక్టరీలోని కేఆర్‌బీటీజీటీ (లాగిన్ అనుమతులకు ముద్ర వేసే) అకౌంట్ పాస్‌వర్డును రెండుసార్లు మార్చాలి.

తుపాను వస్తోందన్నప్పుడు

తీరంలో ఉన్న మనకు ఒక మేలుంది. వాతావరణ శాఖ దశలవారీగా చెబుతుంది: 72 గంటల ముందు తొలి సూచన, 48 గంటల ముందు అలర్ట్, 24 గంటల ముందు హెచ్చరిక, 12 గంటల ముందు తీరం దాటాక ఏమవుతుందన్న అంచనా. నా క్లయింట్లకు ప్లాన్‌ను ఈ దశలకే కట్టి ఇస్తాను.

తొలి సూచన రాగానే సర్వీసు కంపెనీకి ఫోన్ చేసి మీ కెపాసిటీ సిద్ధంగా ఉందో లేదో కనుక్కోవాలి. డీజిల్ నింపాలి, రీచార్జులు చేయాలి. అలర్ట్ దశలో పూర్తి బ్యాకప్ తీసి రెండో కాపీ చేరిందని చూసుకోవాలి, ల్యాప్‌టాప్‌లు ఎవరెవరు తీసుకెళ్తారో నిర్ణయించాలి. ఆ రెండు రోజుల్లో కట్టాల్సిన జీతాలు, పన్నులు ముందే కట్టేయాలి. 24 గంటల హెచ్చరిక రాగానే డీఆర్ సైటుకు మారిపోండి. కరెంటు ఉండగా, లైను ఉండగా, మనుషులు నిదానంగా ఉండగా మారడం ఎంతో తేలిక. అనవసరంగా మారామని తర్వాత తేలినా నష్టం లేదు, ఒక డ్రిల్ అయినట్టు. ఆపైన ఇక్కడి సర్వర్లను పద్ధతిగా షట్‌డౌన్ చేసి, ప్లగ్గులు తీసి, కిటికీల దగ్గరి మెషీన్లను లోపలికి జరిపి, అందరినీ ఇళ్లకు పంపేయండి. సర్వర్ రూమ్ కాపలాకని ఎవరినీ ఆఫీసులో ఉంచకండి.

గాలి తగ్గాక కరెంటు వచ్చిందని వెంటనే స్విచ్ వేయొద్దు. మొదటి గంటల్లో వోల్టేజీ ఎగుడుదిగుడుగా ఉంటుంది. తడి తగిలిందేమో ప్రతి మెషీన్ తెరిచి చూడాలి, అనుమానం ఉన్నదాన్ని పక్కన పెట్టి ఆరనివ్వాలి. తర్వాత యూపీఎస్, దాని తర్వాత స్విచ్‌లు, ఫైర్‌వాల్, స్టోరేజీ, డొమైన్ కంట్రోలర్, డేటాబేస్, ఈఆర్‌పీ, ఒక్కోటి నిలకడగా ఉందని చూశాకే తర్వాతిది. డీఆర్ సైటు నుంచి డేటా తిరిగి వచ్చి, అకౌంట్స్ పెద్దాయన చివరి వోచర్ సరిచూశాక యూజర్లను ఇటు మార్చండి. అప్పటిదాకా వాళ్లు అక్కడే పనిచేసుకోనివ్వండి.